కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టేవారికి తప్పు కాసే క్లబ్బులు: కొలతల నుంచి కొనుగోలు దాకా

కొత్తవాళ్ళు క్లబ్బు చేతిలోకి తీసుకుని పది బంతులు కొడితే ఫేస్ (బంతిని తాకే ముఖం) మధ్యలో తగిలేవి రెండో మూడో ఉంటాయి. మిగిలినవి టో (బయటి కొస) వైపు, హీల్ (కర్ర దగ్గరి కొస) వైపు, అడుగున తగులుతాయి. ఆ ఏడెనిమిది బంతులు ఎంత దూరం పోయాయి, ఎంత పక్కకు పోయాయి అన్నదే మీ స్కోరును నిర్ణయిస్తుంది. కాబట్టి మీ మంచి షాట్‌ను ఇంకా గొప్పగా చూపించే క్లబ్బు మీకు వద్దు. చెడ్డ షాట్‌ను కాసే క్లబ్బు కావాలి. కొనడానికి ముందు చూసే ప్రతిదాన్నీ ఈ లెక్కతోనే చూడండి.

కింది కోణాలు, దిశలన్నీ కుడిచేతి ఆటగాళ్ళకు రాసినవి. ఎడమచేతివాళ్ళు కుడి, ఎడమలను తిరగేసి చదువుకోవాలి.

## 1. దుకాణానికి వెళ్ళే ముందు తీసుకోవాల్సిన కొలతలు

ఎంత తప్పు కాసే క్లబ్బయినా మీ ఒంటికి సరిపోకపోతే కొత్త తప్పులు నేర్పుతుంది. పొడవు ఎక్కువైతే నిటారుగా నిలబడి బంతిని హీల్‌తో కొడతారు. తక్కువైతే వంగిపోయి టోతో కొడతారు. అందుకే ముందు టేపు తీసుకోండి.

- మణికట్టు నుంచి నేల దాకా: మీరు ఆడే బూట్లు వేసుకుని, చేతులు వదులుగా వేలాడదీసి నిటారుగా నిలబడండి. మణికట్టు ముడత నుంచి నేల దాకా ఇంకొకరి చేత కొలిపించండి. సుమారు 33 నుంచి 36 అంగుళాల మధ్య ఉంటే మామూలు పొడవు సరిపోతుంది. అంతకు బాగా తక్కువో ఎక్కువో అయితే అర అంగుళం తగ్గించిన లేదా పెంచిన క్లబ్బు కొట్టి చూడాలి.
- అరచేయి పొడవు: మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొస దాకా. 7 నుంచి 8¾ అంగుళాల దాకా మామూలు గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి), అంతకు పైన మిడ్‌సైజ్, 7 కన్నా తక్కువైతే సన్న గ్రిప్.
- స్వింగ్ వేగం: డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి క్లబ్బు) గంటకు ఎన్ని మైళ్ళు వస్తోందో లాంచ్ మానిటర్ (స్వింగ్‌ను, బంతిని కొలిచే యంత్రం) ఉన్న చోట కొలిపించుకోండి. ఒక్క గట్టి స్వింగ్ వేగం కాదు, మామూలుగా కొట్టిన ఆరేడు స్వింగుల సగటు రాసుకోండి.
- మీ మామూలు తప్పు: బంతి కుడికి వంకర తిరుగుతోందా, ఎడమకా, నేల మీద పాకుతోందా, బంతికి ముందే నేల తగులుతోందా? ఇది రాసుకోకుండా కొట్టు గడప తొక్కవద్దు.

ఎత్తు ఒక్కటే చూసి పొడవు నిర్ణయించేవాళ్ళు చాలామంది ఉన్నారు. పొడుగాటి మనిషికి చేతులు కూడా పొడుగ్గా ఉంటే మామూలు క్లబ్బే సరిపోతుంది. అందుకే మణికట్టు కొలతను నమ్మాలి.

## 2. తప్పు కాసే క్లబ్బును చూసి గుర్తుపట్టడం

దాదాపు ప్రతి పెట్టె మీదా "ఫర్గివింగ్" అని రాసే ఉంటుంది. ఆ రాతను నమ్మకుండా హెడ్‌ను (క్లబ్బు తలను) చేతిలోకి తీసుకుని మీరే చూడండి. ముందు సెవెన్ ఐరన్ (మధ్య దూరాలకు వాడే క్లబ్బు) తీయండి.

వెనక్కి తిప్పండి. వెనకభాగం తొలిచినట్టు గుంటగా ఉండి, బరువంతా అంచుల వెంబడి ఉంటే అది కేవిటీ బ్యాక్. బంతి టో వైపు తగిలినప్పుడు హెడ్ తిరగబడాలని చూస్తుంది. బరువు అంచుల్లో ఉంటే అంత తేలిగ్గా తిరగదు. ఈ తిరగబడని గుణాన్నే ఎంఓఐ అంటారు. అది ఎక్కువగా ఉన్నకొద్దీ పక్కన తగిలిన బంతి దూరం, దిశ తక్కువ పాడవుతాయి. వెనకభాగం నున్నగా, పలకలా ఉంటే అది బ్లేడ్. దాన్ని తిరిగి పెట్టేయండి.

తలకిందులు చేసి అడుగు చూడండి. సోల్ వెడల్పు సెవెన్ ఐరన్‌లో సుమారు 20 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మంచిది. బంతికి కాస్త ముందు నేల తగిలినా వెడల్పాటి సోల్ మట్టిలో దిగబడకుండా జారుతుంది. పైగా బరువు కిందికి దిగుతుంది కాబట్టి ఫేస్ కింది భాగంలో తగిలిన బంతి కూడా లేస్తుంది.

నేల మీద పెట్టి పైనుంచి చూడండి. ఫేస్ ముందంచు షాఫ్ట్ (క్లబ్బు కర్ర) గీత కన్నా కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి ఉంటే దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఫేస్ నేరుగా తిరగడానికి అది క్షణకాలం అదనంగా ఇస్తుంది. కుడికి వంకర పోయేవాళ్ళకు ఇది మేలు. మీ బంతి ఇప్పటికే ఎడమకు తిరుగుతుంటే ఆఫ్‌సెట్ తక్కువున్నది తీసుకోండి. ఈ విషయం అమ్మేవాళ్ళు చాలాసార్లు చెప్పరు.

పైఅంచు మందం చూడండి. మందంగా ఉంటే చూపుకు మొరటుగా అనిపిస్తుంది. సన్నగా, అందంగా ఉన్నవాటి మీదికి మనసు పోవడం సహజం. మొదటి రెండేళ్ళు మొరటుదే తీసుకోండి.

## 3. సంచిలో ఎన్ని, ఏవి

నియమాల ప్రకారం రౌండ్‌కు 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. అది పరిమితి మాత్రమే, అన్నీ ఉండాలని కాదు. మొదట ఎనిమిది చాలు (ఇక్కడి డిగ్రీలు లాఫ్ట్‌వి, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం):

- డ్రైవర్, లేదా దాని బదులు 15–16 డిగ్రీల ఫెయిర్‌వే ఉడ్ (డ్రైవర్ కన్నా చిన్న తల ఉన్న పొడవాటి క్లబ్బు)
- 21 డిగ్రీల సెవెన్ ఉడ్
- 25 డిగ్రీల చుట్టుపక్కల ఫైవ్ హైబ్రిడ్ (ఉడ్, ఐరన్ కలగలిసిన రకం)
- సెవెన్ ఐరన్
- నైన్ ఐరన్
- పిచింగ్ వెడ్జ్ (లాఫ్ట్ ఎక్కువున్న, దగ్గరి షాట్ల క్లబ్బు)
- 54–56 డిగ్రీల శాండ్ వెడ్జ్ (ఇసుక గుంటల్లోంచి కొట్టేది)
- పటర్ (హోల్ దగ్గర బంతిని దొర్లించేది)

సిక్స్, ఎయిట్ ఐరన్లు సెట్‌తో వస్తే ఉంచుకోండి. త్రీ, ఫోర్ ఐరన్లు మాత్రం సెట్‌లో ఉన్నా ఇంట్లో వదిలేయండి. వాటికి లాఫ్ట్ తక్కువ, షాఫ్ట్ పొడవు ఎక్కువ. బంతిని లేపడానికి కావాల్సిన వేగం కొత్తవాళ్ళ దగ్గర ఉండదు. హైబ్రిడ్‌లో బరువు వెనక్కి, కిందికి ఉంటుంది కాబట్టి అదే దూరానికి బంతి తేలిగ్గా లేస్తుంది. గడ్డిలో చిక్కుకోవడం కూడా తక్కువ.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే పటర్, సెవెన్ ఐరన్, శాండ్ వెడ్జ్ ముందు. తర్వాత హైబ్రిడ్. డ్రైవర్ అన్నిటికన్నా చివర. డ్రైవర్‌తో మొదలుపెట్టినవాళ్ళు దూరం కోసం ఒళ్ళు విరుచుకునే అలవాటులో పడతారు. దాన్ని మాన్పించడం కష్టం.

## 4. ఐరన్లు: నంబరు కాదు, లాఫ్ట్ చూడాలి

ఒక కంపెనీ సెవెన్ ఐరన్ 34 డిగ్రీలు ఉంటే, ఇంకొకటి 28 డిగ్రీలు ఉంటుంది. రెండోది దూరం పోతే ఆశ్చర్యం ఏముంది? అది నిజానికి పాత లెక్కలో సిక్స్‌కో ఫైవ్‌కో దగ్గర. కాబట్టి రెండు సెట్లను పోల్చేటప్పుడు లాఫ్ట్ పట్టిక అడిగి తీసుకోండి. తయారీదారుల పేజీల్లో అది ఉంటుంది.

మీ స్వింగ్ వేగం తక్కువైతే సెవెన్ ఐరన్ 30 డిగ్రీల పైన ఉన్న సెట్ చూడండి. 27–28 డిగ్రీల సెట్‌లో ఫైవ్, సిక్స్ ఐరన్లు బంతిని లేపలేవు. లేచినా గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆగకుండా దొర్లిపోతుంది.

ఇలా లాఫ్ట్ తగ్గించిన సెట్లలో ఇంకో ఇబ్బంది ఉంది. వాటి పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలకు దిగిపోతుంది. మీ శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. ఆ ఖాళీలో పడే దూరానికి మీ దగ్గర క్లబ్బే ఉండదు. 49–50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ ఒకటి కలిపితే సరిపోతుంది. అసలు వెడ్జ్‌ల మధ్య తేడా సుమారు 4 నుంచి 6 డిగ్రీలు ఉండేలా చూసుకోవడం మంచిది.

## 5. షాఫ్ట్: ఎక్కువమంది పొరపాటు పడే చోటు

హెడ్ గురించి గంటసేపు ఆలోచించి, షాఫ్ట్‌ను పట్టించుకోకుండా కొనేవాళ్ళే ఎక్కువ. షాఫ్ట్ గట్టిదైతే, వేగం తక్కువున్నవాళ్ళకు ఫేస్ తెరుచుకునే ఉండిపోయి బంతి తక్కువ ఎత్తులో కుడికి పోతుంది. మరీ మెత్తదైతే బంతి పైకి లేచి ఎడమకు తిరగడం, ఎక్కడ తగులుతుందో పట్టు దొరకకపోవడం జరుగుతాయి.

షాఫ్ట్ గట్టిదనాన్ని (ఫ్లెక్స్) అక్షరాలతో చెబుతారు. డ్రైవర్ వేగాన్ని బట్టి మొదలుపెట్టాల్సిన చోటు ఇది, మెత్తదాని నుంచి గట్టిదాని దాకా:

- గంటకు 75 మైళ్ళ లోపు: లేడీస్ లేదా ఎల్
- 75–85: సీనియర్ లేదా ఎ
- 85–95: రెగ్యులర్ లేదా ఆర్
- 95–105: స్టిఫ్ లేదా ఎస్

వీటికి కంపెనీలన్నిటికీ ఒకే ప్రమాణం లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్‌లా ఉండవచ్చు. అక్షరం చూసి ఎంచుకోవడం మొదలుపెట్టండి, కొట్టి చూసి తేల్చుకోండి. రెండిటి మధ్య ఊగిసలాడితే మెత్తదాని వైపు మొగ్గండి.

బరువు కూడా చూడాలి. ఐరన్లలో గ్రాఫైట్ షాఫ్ట్ సుమారు 50–80 గ్రాములు, స్టీల్ 95–130 గ్రాములు ఉంటుంది. వేగం తక్కువున్నా, మోచేతి, మణికట్టు నొప్పులున్నా గ్రాఫైట్ తీసుకోండి. తొమ్మిది హోల్స్ దాటాక స్వింగ్ సడలి, బంతికి ముందే నేల తగలడం మొదలైతే షాఫ్ట్ బరువును కూడా అనుమానించాలి.

## 6. డ్రైవర్, ఉడ్లు

డ్రైవర్ హెడ్‌కు నియమాల పరిమితి 460 సీసీ. ఆ పరిమాణం దగ్గరే ఉన్నది తీసుకోండి. లాఫ్ట్ 10.5 డిగ్రీల కన్నా తగ్గవద్దు. వేగం 85 లోపుంటే 12 ఇంకా మంచిది. లాఫ్ట్ పెరిగితే బంతికి వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, పక్కకు వంకర పోవడం తగ్గుతుంది. తొమ్మిది డిగ్రీలది కొనుక్కుని కుడివైపు చెట్లలో బంతులు వెతుక్కోవడం కన్నా ఇదెంతో నయం.

పొడవు విషయంలో జాగ్రత్త. దుకాణాల్లో దొరికేవి చాలావరకు 45½ అంగుళాలు, ఆపైన ఉంటాయి. పొడవు పెరిగినకొద్దీ మధ్యలో తగలడం కష్టం. షాఫ్ట్ కోయించనక్కర్లేదు. గ్రిప్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని పది బంతులు కొట్టి చూడండి. దూరం పెద్దగా తగ్గకుండా బంతులు దగ్గరదగ్గరగా పడితే అదే మీ పట్టు.

హీల్ వైపు అదనపు బరువున్న, "డ్రా" (ఎడమకు వంగే షాట్) అని రాసిన హెడ్లు కుడికి వంకర పోయేవాళ్ళకు కొంత సాయపడతాయి. హోజెల్‌లో (షాఫ్ట్ హెడ్‌లోకి దిగే గొట్టం) లాఫ్ట్ మార్చుకునే ఏర్పాటు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. లాఫ్ట్ పెంచితే ఫేస్ కాస్త మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది.

ఫెయిర్‌వే ఉడ్‌లలో త్రీ ఉడ్‌ను నేల మీద నుంచి లేపడం కొత్తవాళ్ళకు దాదాపు అసాధ్యం. టీ (బంతిని ఎత్తి నిలిపే పుడక) మీద నుంచి తప్ప దాన్ని వాడకండి. నేల మీది బంతికి ఫైవ్ లేదా సెవెన్ ఉడ్.

## 7. వెడ్జ్, పటర్

శాండ్ వెడ్జ్‌లో బౌన్స్ (సోల్ ముందంచు కన్నా కిందికి దిగి ఉండే కోణం) 10 నుంచి 14 డిగ్రీలు ఉన్నది అడగండి. బౌన్స్ తక్కువైతే ముందంచు ఇసుకలోకి, మెత్తటి నేలలోకి దిగిపోయి బంతి అక్కడే ఉండిపోతుంది. మీరు ఆడే చోట నేల గట్టిగా, గడ్డి పలచగా ఉంటే 8–10 దగ్గర సరిపోతుంది. 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ ఇప్పుడు వద్దు. అది చిన్న తప్పుకు కూడా పెద్ద శిక్ష వేస్తుంది.

పటర్ విషయంలో పెద్ద తలకాయ ఉన్న మ్యాలెట్ రకం తీసుకోండి. మధ్యలో తగలకపోయినా దూరం పెద్దగా తగ్గదు, పైన గీత ఉంటే గురి చూసుకోవడం తేలిక. పొడవు 33–35 అంగుళాల మధ్య. మీ మామూలు నిలబాటులో కళ్ళు బంతికి సూటిగా పైన లేదా కాస్త లోపలికి ఉండాలి. కళ్ళు బంతికి అవతల పడుతుంటే పటర్ పొట్టిదని అర్థం.

## 8. కొట్టి చూసే పద్ధతి

ఈ ఒక్క మెట్టు దాటవేస్తే పైన చేసినదంతా వృథా.

1. ముందు 15 బంతులు తేలిగ్గా కొట్టి ఒళ్ళు వేడెక్కించండి.
2. రెండు లేదా మూడు సెవెన్ ఐరన్లు మాత్రమే ఎంచుకోండి. అంతకన్నా ఎక్కువైతే అలసట ఫలితాన్ని పాడుచేస్తుంది.
3. ఫేస్ మీద పాదాలకు వాడే పౌడర్ స్ప్రే పలచగా చల్లండి. బంతి తగిలిన చోట మచ్చ పడుతుంది. ప్రతి రెండు మూడు షాట్లకు తుడిచి మళ్ళీ చల్లండి.
4. ఒక్కోదాంతో ఐదు బంతులు కొట్టి మార్చండి. తర్వాత మళ్ళీ ఐదేసి. మొత్తం ఒక్కోదానికి పది.
5. ఏ షాట్‌నూ "ఇది లెక్కలోకి రాదు" అని తీసేయకండి. మీకు కావాల్సిన సమాచారం ఉన్నది చెడ్డ షాట్లలోనే.
6. గాలిలో పోయిన దూరం, మధ్య గీత నుంచి ఎంత పక్కకు పడింది, ఫేస్ మీద ఎక్కడ తగిలింది, ఈ మూడూ రాయండి.

ఇప్పుడు పోల్చండి. ఒక క్లబ్బుతో మంచి మూడు బంతులు 150 గజాలు, చెడ్డ మూడు 105 గజాలు పోయాయనుకుందాం. రెండోదాంతో మంచివి 142, చెడ్డవి 126. కొనాల్సింది రెండోదే. అమ్మే మనిషి తెర మీద చూపించేది మాత్రం ఎప్పుడూ మొదటిదాని 150ని.

చాప మీద కొడుతుంటే ఒక మోసం ఉంది. బంతికి ముందు నేల తగిలినా క్లబ్బు చాప మీద జారి బంతిని చేరుతుంది, షాట్ బాగానే వచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి వీలుంటే గడ్డి మీద కూడా కొట్టి చూడండి. అన్ని క్లబ్బులకూ ఒకే రకం బంతి వాడండి.

## 9. లై కోణం: అరగంట పని

పొడవు సరిపోయినా లై (షాఫ్ట్‌కూ నేలకూ మధ్య కోణం) కుదరకపోతే బంతి సూటిగా పోదు.

- బంతి మీద చెరిగే మార్కర్‌తో మందంగా ఒక గీత గీయండి.
- ఆ గీత ఫేస్ వైపు, నిటారుగా ఉండేలా పెట్టి కొట్టండి.
- ఫేస్ మీద పడిన గీతను, ఫేస్ మీది గాళ్ళను (అడ్డంగా చెక్కిన గీతలను) చూడండి. గాళ్ళకు లంబంగా పడితే లై సరిగ్గా ఉంది.
- గీత పైకొస టో వైపు వాలితే క్లబ్బు మీకు నిటారుగా ఉంది, బంతి ఎడమకు పోతుంది.
- పైకొస హీల్ వైపు వాలితే క్లబ్బు చదునుగా ఉంది, బంతి కుడికి పోతుంది.

మూడు నాలుగు షాట్లలో అదే వాలు కనిపిస్తేనే నమ్మండి. చాలా ఐరన్లను ఒకటి రెండు డిగ్రీలు వంచవచ్చు. పోతపోసిన గట్టి స్టీల్ హెడ్లను అంతకు మించి వంచితే విరిగే ప్రమాదం ఉంది. పొడవు మార్పిస్తే ముందు అది చేయించి తర్వాతే లై చూడండి, ఎందుకంటే అర అంగుళం పొడవు పెరిగితే లై సుమారు ఒక డిగ్రీ నిటారైనట్టే.

## 10. వాడినవి కొనేటప్పుడు

నాలుగైదేళ్ళ కిందటి మంచి కేవిటీ బ్యాక్, కొత్తగా వచ్చిన నాసిరకం సెట్ కన్నా ఎప్పుడూ మేలే. కొనేముందు ఇవి తనిఖీ చేయండి:

- [ ] హెడ్‌ను చెవి దగ్గర ఊపితే లోపల ఏదీ గలగలమనకూడదు
- [ ] హోజెల్, షాఫ్ట్ కలిసే చోట పగులు, సందు ఉండకూడదు
- [ ] స్టీల్ షాఫ్ట్‌లో తుప్పు గుంటలు, గ్రాఫైట్‌లో లోతైన గీత, పొర లేవడం ఉండకూడదు
- [ ] డ్రైవర్ ఫేస్ మీద వేలు నడిపిస్తే సొట్ట తగలకూడదు, పైభాగంలో చీలిక ఉండకూడదు
- [ ] వెడ్జ్ గాళ్ళ అంచులు గోరుకు తగలాలి
- [ ] సెట్‌లోని ఐరన్లన్నిటికీ ఒకే షాఫ్ట్ ఉండాలి, పొడవు వరసగా తగ్గాలి
- [ ] సీరియల్ నంబరు, రాతలు, రంగు ఆ మోడల్ అసలు ఫొటోలతో సరిపోలాలి

గ్రిప్ గట్టిపడి జారుతుంటే భయపడనక్కర్లేదు, మార్పించవచ్చు. ఆ ఖర్చును ధరలో కలిపి బేరమాడండి.

## 11. కొన్నాక ఇబ్బంది వస్తే

అన్నీ కుడికి పోతున్నాయి. ఈ వరసలో చూడండి: గ్రిప్ మరీ లావుగా ఉందా, లై చదునుగా ఉందా, షాఫ్ట్ గట్టిగా ఉందా. ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు మధ్య రెండు వేళ్ళ కొసలు బొటనవేలి మొదలులోని కండను లీలగా తాకాలి. తాకకుండా సందు ఉంటే లావు, గోళ్ళు గుచ్చుకుంటే సన్నం. మూడూ సరిగ్గా ఉంటే అది స్వింగ్ పని. తెరుచుకున్న ఫేస్‌ను ఏ హెడ్డూ పూర్తిగా కాయలేదు.

మచ్చలన్నీ టో వైపే. ముందు బంతికి అంగుళం దగ్గరగా నిలబడి చూడండి. మారకపోతే క్లబ్బు పొట్టిదై ఉండవచ్చు. హీల్ వైపే పడుతుంటే దీనికి తిరగేసి.

హైబ్రిడ్ ఎడమకు తిరుగుతోంది. చాలా హైబ్రిడ్లు అసలే ఎడమకు మొగ్గేలా తయారవుతాయి. అదే లాఫ్ట్ ఉన్న సెవెన్ లేదా నైన్ ఉడ్‌తో మార్చి చూడండి.

రెండు ఐరన్లు ఒకే దూరం పోతున్నాయి. వేగం తక్కువున్నవాళ్ళలో పొడవాటి ఐరన్ల దగ్గర ఇది మామూలే. వాటిలో ఎక్కువ లాఫ్ట్ ఉన్నదాన్ని ఉంచుకోండి, రెండోదాని చోట హైబ్రిడ్ పెట్టండి.

బంతికి ముందు రెండంగుళాల మేర మట్టి లేస్తోంది. వెడల్పాటి సోల్ అర అంగుళం తప్పును కాస్తుంది, రెండంగుళాలది కాయదు. ఇక్కడ క్లబ్బు మార్చడం డబ్బు దండగ. ఆ డబ్బుతో నాలుగు పాఠాలు తీసుకోండి, నేర్పేవాళ్ళకు మీ సెవెన్ ఐరన్ ఫేస్ మీది మచ్చలు చూపించండి.